పోపు లేని ఇల్లు

నవంబర్ 16, 1997. ఆదివారం

ఇల్లు చేరాను. బొంబాయిలో పొద్దున్నే కారు ఎక్కిస్తే ఇక్కడికి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. గతుకు వచ్చినప్పుడల్లా రాంప్రసాద్ వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

రెండో అంతస్తు దాకా కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. ముందు మా అబ్బాయి రాంప్రసాద్, వెనక మా తమ్ముడు సోమలింగం. మెట్ల మలుపు దగ్గర ఆగి, నేను మగ్గం కన్నా బరువున్నానని, మగ్గమైతే విడగొట్టి మోయొచ్చని సోమలింగం అన్నాడు. ఎవరూ నవ్వకపోతే వాడే నవ్వుకున్నాడు. యాభై దాటినా ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియదు వాడికి.

సిరిసిల్ల నుంచి ఈ గుజరాతీ వాళ్ళ ఊరికి వచ్చింది మొదలు మగ్గాల మాస్టర్‌గానే బతికాను. ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, ఏ మగ్గం ఆగినా దాని కింద మోకాళ్ళ మీద కూర్చుని బాగుచేసేది నేనే. కుడి మోకాలు అరిగి ఎముకకు ఎముక రాసుకుంటోందని, దాన్ని తీసేసి ఇనుమూ ప్లాస్టిక్కూ కలిపి చేసింది పెట్టారు. హజీరాలో రాంప్రసాద్ కంపెనీ తల్లిదండ్రుల వైద్యం చూసుకుంటుంది కాబట్టి ఇదంతా జరిగింది. లేకపోతే మాలాంటి వాళ్ళకు కొత్త మోకాలేమిటి?

పడుకుని చేయగలిగిన పని ఇదొక్కటే కాబట్టి రాస్తున్నాను. కోడలు సంధ్యారాణి ఇక్కడ గుజరాతీ బడిలో చదివింది, తెలుగు చదవడం రాదు. నా భార్య కనకవ్వకు ఏదీ చదవడం రాదు. ఈ పుస్తకం దిండు కింద పెట్టినా, నెత్తి మీద పెట్టినా ఒకటే.

నవంబర్ 18

మోకాలు వంచాలి. రోజూ వంచాలి. వంచకపోతే లోపల మాంసం గట్టిపడి కాలు కర్రలా ఉండిపోతుందట. అప్పుడు మళ్ళీ మత్తు ఇచ్చి డాక్టర్లే విరిచినట్టు వంచుతారట. ఆస్పత్రిలో నా మంచం దగ్గర ఉన్నది సోమలింగం కాబట్టి, ఎలా వంచాలో వాడికే నేర్పారు. రాంప్రసాద్‌కు సెలవు దొరకలేదు. సోమడు మగ్గం మీద పగటి పని, దిన పాళీ, వదిలేసుకుని వచ్చి ఉన్నాడు.

సాయంత్రం వాడుండే పాండేసర నుంచి సైకిల్ మీద వచ్చాడు. చెవుల్లో, కనుబొమ్మల్లో నూలు పీచు. చేతులు కడుక్కుని, మగ్గానికి వాడే పాత తోలు పట్టీ తీసి నా పాదానికి తగిలించాడు. లాగాడు. నేను పళ్ళు బిగించాను. వాడు నా ముఖం చూడడు, మోకాలినే చూస్తాడు. పోగు తెగిందేమో చూసేటప్పుడు ఎలా చూస్తాడో అలాగే చూస్తాడు.

నవంబర్ 19

వంగలేదు.

నవంబర్ 21

దొడ్డికి నేల మీద కూర్చోలేను కాబట్టి కుర్చీకి కన్నం చేయించారు. కింద డబ్బా. ఆ డబ్బా కనకవ్వ తీస్తుంది. ముక్కు మూసుకోదు, ఏమీ అనదు. ఏదో ఒకటి అంటే బాగుండు. ఈ రోజు ఆమె నడుం పట్టుకుని లేస్తుంటే తల పక్కకు తిప్పుకున్నాను. ఇలా బతకడం కన్నా ఆ కుంటికాలే నయం. కనీసం అది నాది.

నవంబర్ 22

కుట్లు విప్పారు. ఒకచోట ఇంకా పచ్చిగా ఉందని, బీపీ కూడా ఎక్కువగా ఉందని ఇక్కడి డాక్టరు రాంప్రసాద్‌ను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడని అడిగితే ఏం లేదన్నాడు.

సోమడు వచ్చినప్పుడు కుట్లు చూపించాను. కుట్టు బాగా పడలేదని, తను వేస్తే ఇంకా సన్నగా వేసేవాడినని అన్నాడు. వాడి భార్య భూదేవి ఇచ్చిందని డబ్బాలో సర్వపిండి తెచ్చాడు. వాళ్ళకు పిల్లల్లేరు. మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి తెస్తారు. రాంప్రసాద్ చిన్నప్పుడు వాడి భుజం మీదే పెరిగాడు.

నవంబర్ 24

ఈ రోజు చాలన్నాను, వాడు వినలేదు. ఇంకా జర, ఇంకా జర అంటూ లాగాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. అరిచాను. కనకవ్వ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. వాడు అప్పుడు కూడా వదల్లేదు, మోకాలినే చూస్తున్నాడు. నేను రెండు మాటలన్నాను. అంత నొప్పిలో ఎవరైనా అంటారు.

పట్టీ చుట్టి మంచం కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. టీ అలాగే ఉండిపోయింది. కనకవ్వ నా వంక చూసిన చూపు నాకు నచ్చలేదు. నొప్పి ఆమెకు కాదు కదా.

నవంబర్ 25

సోమడు రాలేదు.

నవంబర్ 26

రాలేదు. మంచిదే. మోకాలి కింద దిండు పెట్టుకుని హాయిగా పడుకున్నాను. దిండు పెట్టొద్దని బొంబాయిలో చెప్పారు. ఇప్పుడు చూసేవాడు ఎవడున్నాడు.

నవంబర్ 27, గురువారం

పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు. మెట్ల మీద గుసగుసలు. రాంప్రసాద్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు, వెనకే కనకవ్వ. సంధ్యారాణిని అడిగితే నీళ్ళ పంపు చెడిపోయిందంది. పంపు చెడిపోతే కనకవ్వ ఏం చేస్తుంది?

సాయంత్రం తలమీద నీళ్ళు కారుతూ వచ్చింది. తడి చీర. ఎవరు పోయారని అడిగాను. మన కులపోళ్ళే, నీకు ఎరుకలేదు అంది. వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. ఈ ఊళ్ళో ఉన్న మన కులం వాళ్ళలో నాకు తెలియని వాళ్ళు ఎవరు? ముసలిదయ్యాక ఈమెకు మాట పొసగడం లేదు.

నవంబర్ 28

రాంప్రసాద్ ఇంటికి రాలేదు. ప్లాంటులో షట్‌డౌన్ పని పడిందని, పది రోజులు అక్కడే పడుకుంటాడని సంధ్యారాణి చెప్పింది. నన్ను ఈ స్థితిలో వదిలేసి వెళ్ళే ముందు ఒక్క మాట నాకు చెప్పి వెళ్ళలేకపోయాడు.

పప్పులో పోపు లేదు. ఉడకబెట్టి ఉప్పేసి ముందర పెట్టారు. ఇదేమిటమ్మా అంటే, "డాక్టర్ తేల్ బంద్ కరో, నూనె ఒద్దు అన్నడు మామా" అంది కోడలు. ఏ డాక్టరు, ఎప్పుడు చెప్పాడు?

నవంబర్ 29

ఈ రోజూ పోపు లేదు. కూరలో ఉల్లిగడ్డ కూడా లేదు. టీవీ పెట్టరు. ఇంట్లో చీమ చిటుక్కుమంటే వినపడుతోంది. ఖటోదరా వైపు నుంచి మగ్గాల మోత మాత్రం వస్తోంది, ఆ మోత లేకపోతే చెవుడొచ్చిందనుకునేవాణ్ణి.

సోమడు రాలేదు.

నవంబర్ 30

కులసంఘం వాళ్ళు ముగ్గురు వచ్చారు. వచ్చి మంచం ఎదురుగా కూర్చున్నారు. ఎప్పుడూ నోరు మూయని మనుషులు, ఈ రోజు నోరు తెరవలేదు. ఒకరు నా కాలు చూశారు, ఒకరు నేల చూశారు. ధైర్యంగా ఉండమని చెప్పి లేచారు. టీ తాగుతారా అంటే మీ ఇంట్లో ఇప్పుడు వద్దులే అన్నాడొకడు. పక్కవాడు వాడి చెయ్యి గిల్లాడు.

వాళ్ళు వెళ్ళాక నాకు అర్థమైంది. కాలు చెడిపోయింది. లోపల చీము పట్టింది. కుట్లు విప్పిన రోజు డాక్టరు రాంప్రసాద్‌ను పక్కకు పిలిచి చెప్పింది అదే. తీసేయాలేమో. అందుకే వాడు ముఖం చూపించలేక కంపెనీలో దాక్కున్నాడు. అందుకే ఇంట్లో పొయ్యి మీద పోపు చిటపటలాడటం లేదు. నా కాలు కోసం ఇల్లంతా దిగులు పడి ఉంది.

డిసెంబర్ 1

సోమడు రాలేదు. వాడికి కూడా తెలిసి ఉంటుంది. తన చేతుల్తో లాగి లాగి చెడగొట్టానని భయపడి ఉంటాడు. అలాగే భయపడాలి వాడు. నేను గడప తొక్కొద్దన్నందుకు కోపమైతే మాత్రం ఇన్నాళ్ళు ఉండదు, వాడి కోపం ఎప్పుడూ ఒక పూట.

డిసెంబర్ 2

దేవుడి గూట్లో దీపం వెలగడం లేదు. గమనించి నాలుగు రోజులైంది. నూనె అయిపోయిందని ఒకసారి, వత్తులు లేవని ఒకసారి కనకవ్వ చెప్పింది. ఈ రోజు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు వాకర్ పట్టుకుని నేనే వెళ్ళాను. నూనె సీసా నిండుగా ఉంది. వత్తి వేసి అగ్గిపుల్ల గీశాను. కాలు పోతుందంటే దేవుడు తప్ప ఎవరున్నారు.

కనకవ్వ తడి చీరతో వచ్చి నా చేతిలోంచి అగ్గిపుల్ల లాక్కుని ఊదేసింది. "ఇప్పుడు పెట్టొద్దు, ఇప్పుడు పెట్టొద్దు" అంటూ గూటి ముందు అడ్డంగా నిలబడింది. ఎందుకు పెట్టొద్దని అరిచాను. ఆమె నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. పెళ్ళయినప్పటి నుంచి దీపం పెట్టకుండా పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. దేవుడి మీద కూడా ఆశ వదిలేసుకుందంటే నా పని అయిపోయినట్టే.

డిసెంబర్ 3

ఏమీ తినలేదు. ఎవరూ తినమనలేదు.

డిసెంబర్ 4

సూటిగా అడిగాను. నా కాలు తీసేస్తారా అని. కనకవ్వ కళ్ళు తుడుచుకుంటూ "నీ కాలుకేం గాలే. నీ కాలు మంచిగనే ఉన్నది" అంది. అని వెక్కి వెక్కి ఏడ్చింది. మంచిగా ఉన్న కాలు కోసం ఎవరైనా అలా ఏడుస్తారా?

సాయంత్రమంతా చావు గురించే ఆలోచించాను. ఒంటికాలితో ఈ ఇంట్లో, ఆ డబ్బా కుర్చీ మీద, ఈ ముఖాల మధ్య. ముందు నుంచీ నేను ఎవరి మీదా ఆధారపడలేదు. నాకు భయంగా ఉంది. ఇది ఎవరికీ చెప్పలేను, సోమడికైతే చెప్పగలను. వాడు నవ్వుతాడు, కాని వింటాడు.

డిసెంబర్ 5

సంధ్యారాణిని పిలిచి, పాండేసరకు కబురు పంపమన్నాను. సోమలింగాన్ని నేను రమ్మన్నానని చెప్పు, కాలు వంచడానికి కాదు, ఊరికే వచ్చి కూర్చోమను అని చెప్పాను. "చెప్తా మామా" అని వంటింట్లోకి వెళ్ళింది. నల్లా తిప్పిన చప్పుడు. నీళ్ళు చాలాసేపు కారాయి.

డిసెంబర్ 6

గడ్డం గీసుకున్నాను. తలుపుకు ఎదురుగా కుర్చీ వేయించుకున్నాను. దిన పాళీ వదిలే వేళ దాటిపోయింది. మెట్ల మీద నడక వినిపిస్తే రెండుసార్లు లేవబోయాను. పాలవాడు ఒకసారి, కింది ఇంటి గుజరాతీ ఆయన ఒకసారి.

రాలేదు. పిలిచినా రాలేదు. అన్న కాలు పోతుందని తెలిసి కూడా రాలేదు. సరే.

డిసెంబర్ 7, ఆదివారం

నిన్నటి భయం ఈ రోజు లేదు.

సాయంత్రం రాంప్రసాద్ వచ్చాడు. నున్నగా గుండు. మీసం కూడా లేదు. నేను కళ్ళప్పగించి చూశాను. కనకవ్వ ఏదో చెప్పబోయింది, వాడు ఆమె వంక చూశాడు. షట్‌డౌన్ తొందరగా అయిపోయిందని, అక్కడి నుంచే వేములవాడ వెళ్ళి వచ్చానని చెప్పాడు. "నీ కాలు మంచిగైతే తలనీలాలు ఇస్తనని రాజన్నకు మొక్కిన బాపూ" అన్నాడు.

అంటే కాలు బాగైనట్టే కదా. బాగు కాకపోతే మొక్కు ఎలా తీరుస్తాడు? డాక్టరు చెప్పింది నిజమే, భయపడింది నిజమే, ఆ గండం గడిచింది. ఇన్ని రోజులు ఇల్లు ఎందుకు అలా ఉందో తెలిసింది. మొక్కు తీరేదాకా పథ్యం పట్టారు. వెర్రివాళ్ళు, నాకు చెబితే నేనూ పట్టేవాడిని.

వాణ్ణి దగ్గరికి రమ్మన్నాను. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుండు నిమిరాను. చిన్నప్పుడు పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు కూడా నేను వాణ్ణి ఇలా నిమరలేదు, ఆ రోజు కూడా ఏదో మగ్గం ఆగిపోయిందని పనికి పోయాను. ప్రసాదం ఏదిరా అంటే బస్సులో మరిచిపోయానన్నాడు. తల దించుకున్నాడు. ఆ తలనే మళ్ళీ నిమిరాను. నా కోసం కన్నకొడుకు చేసిన పని. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

డిసెంబర్ 8

ఈ రోజు పప్పులో పోపు పడింది. ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి. ఆ వాసన మంచం దాకా వచ్చింది. దేవుడి గూట్లో దీపం వెలిగింది. రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

మంచం కింది నుంచి పట్టీ తీసి నా అంతట నేనే లాగాను. కొంచెం వంగింది. సోమడు చూస్తే బాగుండేది. వాడి కోపం వాడిది. కుంటుకుంటూ అయినా నేనే ఒకరోజు పాండేసర వెళ్ళి వాడి మంచం మీద కూర్చుంటాను. వాడే టీ పెట్టించాలి.

డిసెంబర్ 9, మంగళవారం

పొద్దున టీ తాగుతున్నాను. తలుపు తీసే ఉంది. గడప అవతల ఎవరో నిలబడితే తలెత్తాను. భూదేవి. చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజుల్లేవు.

ఆ చేతులు చూశాక నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అయినా సోమడేడీ అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

కనకవ్వ పరిగెత్తి వచ్చి ఆమెను లోపలికి లాగబోయింది. భూదేవి కదల్లేదు.

"నేను లోపలికి రాను అక్కా. ఆయనను తొక్కొద్దన్న గడప. నేనెట్ల తొక్కుత?"

కోపంగా అనలేదు. పద్ధతి చెప్పినట్టు చెప్పింది. తర్వాత నా వంక చూసింది.

"బావా, పిట్ట ముడ్తలేదు."

మూడో రోజు కాకికి ముద్ద పెట్టారట, ముట్టలేదు. అయిదో రోజు ముట్టలేదు. పదకొండో రోజు వాడికి ఇష్టమైనవన్నీ వండి వాళ్ళ మిద్దె మీద పెట్టి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడ్డారట. చిన్నమ్మను నేను చూసుకుంటానని రాంప్రసాద్ చేతులు జోడించి పోయినవాడితో చెప్పాడట. నాకు ఏ లోటూ లేదు, నువ్వు పో అని భూదేవి చెప్పిందట. కాకులు వచ్చి నీళ్ళ ట్యాంకు మీద కూర్చున్నాయి, దిగలేదు. చివరికి ఆ అన్నం తీసుకెళ్ళి తాపీ నదిలో కలిపారట. ఆ తర్వాత కూడా భూదేవి రోజూ పొద్దున ఒక ముద్ద పెట్టి చూస్తోంది.

"రాంప్రసాద్ కొడుకు లెక్క అన్నీ చేసిండు బావా, వానిదేం తప్పు లేదు. ఆయన నీ కోసమే చూస్తుండు. నువ్వు జర మిద్దెక్కి పిలువు."

రాంప్రసాద్ లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈ గుండు ఎవరి కోసంరా అని అడిగాను.

"చిన్నబాపు కోసం" అన్నాడు.

మొన్నటి నుంచి నేను మురిసిపోయిన గుండు అది. నిమిరిన గుండు. నా తమ్ముడి చితికి నిప్పు పెట్టి గీయించుకున్న తలను పట్టుకుని, నా కాలు బాగైందని ఏడ్చాను. వాడు తల దించుకుని ఆ చెయ్యిని భరించాడు.

అప్పుడు అందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఇరవై ఏడో తారీఖు పొద్దున మగ్గం ఆన్ చేసి నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడట. ఆటోలో ఎక్కించేలోగానే పోయాడట. కుట్లు పచ్చిగా ఉన్నాయి, బీపీ ఉంది, ఇప్పుడు చెబితే మనిషి దక్కడని డాక్టరు అన్నాడట. నాకు చెప్పకూడదని రాంప్రసాద్ అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాడట. నోళ్ళు కట్టేసుకున్నారు, మైల మాత్రం మానలేకపోయారు. పోపు ఆపారు, దీపం ఆపారు, నా ముందు అబద్ధం చెప్పి, నా వెనక వాడి మైల పట్టారు. వంటింట్లోంచి రోజూ నాకు చావు కబురు వస్తూనే ఉంది. నేను దాన్ని నా మోకాలికి అంటగట్టుకున్నాను. ఈ ఇంట్లో నా మోకాలు తప్ప ఏడవడానికి ఇంకేదీ లేదనుకున్నాను.

ఆ రోజు అన్న రెండు మాటలు ఇక్కడ పూర్తిగా రాయలేదు. ఇప్పుడు రాస్తాను. "నా గడప తొక్కకు. నేను సస్తే నువ్వు రాకు, నువ్వు సస్తే నేను రాను" అన్నాను. వాడు చచ్చిపోయాడు, నేను వెళ్ళలేదు. పప్పు చప్పగా ఉందని విసుక్కుంటూ ఇక్కడే పడుకుని ఉన్నాను.

మా మిద్దెకు రెండు వరుసల మెట్లు. మోస్తామన్నారు. వద్దన్నాను. మంచికాలు పైమెట్టు మీద, తర్వాత చెడ్డకాలు. రాంప్రసాద్ నడుం పట్టుకున్నాడు. మోకాలు వంగమన్నంత వంగింది, నొప్పి తెలియలేదు. మెట్టు మెట్టుకీ ఏం చెప్పాలో కూడదీసుకుంటున్నాను. ముందు, రారా అని పిలవాలి. ఆ మాట నాది కాదు, నొప్పిది అని చెప్పాలి. అది అబద్ధం, అలా చెప్పకూడదు. కాలు లాగినప్పుడు నాకు నీ మీద కోపం వచ్చింది నిజమే, అయినా సాయంత్రం అయితే నీ కోసమే చూసేవాణ్ణి అని చెప్పాలి. కబురు పంపాను, నీకు అందలేదు. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇంట్లోకి రా, నీ గడపే. ఇవన్నీ వరసగా, ఒక్కటి కూడా మరిచిపోకుండా చెప్పాలి.

భూదేవి ముందే వెళ్ళి పిట్టగోడ మీద విస్తరాకు వేసి ముద్ద పెట్టింది. నేను ఆఖరి మెట్టు ఎక్కి తలుపు చట్రం పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాను. నోరు తెరవలేదు. నా తల బయటికి కనిపించిందో లేదో, ట్యాంకు మీంచి కాకి దిగింది. నా వంక ఒకసారి చూసింది. ముద్దలో ముక్కు పెట్టి తిన్నది. మళ్ళీ తిన్నది. ఉధ్నా వైపు ఎగిరిపోయింది.

భూదేవి ఘొల్లున ఏడ్చి, నాకు రెండు చేతులూ జోడించింది. "సూసిండు బావా, పోయిండు. నీ కోసమే ఆగిండు" అంది. కనకవ్వ కొంగుతో ముఖం కప్పుకుంది, కాని ఇన్ని రోజుల తర్వాత ఆ భుజాలు తేలికపడటం కనిపించింది. రాంప్రసాద్ గట్టిగా ఊపిరి వదిలాడు. వాళ్ళకు ముగిసింది.

నేనింకా తలుపు దగ్గరే ఉన్నాను. ఒక్క మాట చెప్పలేదు. ఒక్క మాట అననివ్వలేదు వాడు. ఇంకో ముద్ద పెట్టమని భూదేవిని అడిగాను.

"ముట్టినంక మల్ల పిలువొద్దు బావా. పోయేటోన్ని ఆపినట్టయితది."

డిసెంబర్ 12

రాయడానికి ఏమీ లేదు.

డిసెంబర్ 21, ఆదివారం

రాంప్రసాద్ బొంబాయి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాడు. బాపు రోజూ మిద్దె ఎక్కి దిగుతున్నాడని, కర్ర కూడా వాడటం లేదని చెప్పాడు. ఈ వయసులో ఇంత తొందరగా ఎవరికీ వంగదని డాక్టరు మెచ్చుకున్నాడట. కనకవ్వ దిష్టి తీసింది.

పొద్దున వాళ్ళు లేవకముందే గుప్పెట్లో అన్నం మూసుకుని వెళుతున్నాను. పిట్టగోడ మీద పెట్టి కొంచెం దూరంగా నిలబడతాను. మెట్ల మీద కూడదీసుకున్నవన్నీ వరసగా చెబుతాను. సగం చెప్పేలోపే కాకులు దిగుతాయి. ఏ కాకీ నా ముఖం చూడదు. వాటి తిండి వాటిది.

ఎవరింట్లో అయినా పిట్ట ముట్టాలని మొక్కుకుంటారు. నేను మాత్రం, ఒక్క రోజు ముట్టకుండా ఉంటే చాలు అనుకుంటున్నాను. ట్యాంకు మీద కూర్చుని దిగకుండా మొండికేస్తే, వాడింకా ఎక్కడో అలిగి ఉన్నాడని నమ్ముతాను. అప్పుడు చివరిదాకా చెప్పడానికి వీలవుతుంది.

ఈ రోజు కూడా ఒక్క మెతుకు మిగల్లేదు.